అట్టపెట్టెలు విప్పే ముందు, ఏది ఎవరికి చేరాలో తేల్చుకోండి

భీమవరంలో సొంత ఇల్లు అద్దెకిచ్చి మియాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటుకి మారి నాలుగు నెలలైందని, పిల్లల గదిలో సగం ఇంకా విప్పని అట్టపెట్టెలే ఉన్నాయని రాశారు. అత్తగారు ఒక్క గిన్నె కూడా బయటికి పోనివ్వడం లేదు. భీమవరం ఇంట్లో ఒక గదికి తాళం వేసి ఇంకొంత సామాను అక్కడే ఉంచారు. తక్కువ సామానుతో తేలిగ్గా బతకాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, బాల్కనీలో అల్మారా చేయించుకుంటే ఈ గొడవ వదులుతుందా అని అడిగారు.

నేను బ్యాంకు ఉద్యోగంలో బదిలీల మీద ఊళ్ళు తిరిగినదాన్ని. రిటైరయ్యాక మా చుట్టాల్లో ఎవరు ఇల్లు మారినా సర్దుడు పనికి నన్నే పిలుస్తారు. ఆ అనుభవంతో రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఒక లెక్క చూసుకోండి. మీ ఫ్లాటు 1,150 చదరపు అడుగులు అన్నారు. అది సూపర్ బిల్టప్ లెక్క అయ్యుంటుంది. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్‌లో మీ వాటా కూడా కలిసే ఉంటాయి. ఇళ్ళ అమ్మకాలకి 2016లో వచ్చిన రెరా చట్టం కార్పెట్ ఏరియా అని ఒకటి నిర్వచించింది. గోడల లోపల మనం నిజంగా వాడుకునే చోటు అది. మీది 800 అటూ ఇటూగా తేలుతుంది. భీమవరం ఇంట్లో గదులు కాక అటక, వసారా, దొడ్డివైపు కొట్టుగది ఉండేవి కదా. సామానులో సగం ఉండేది అక్కడే. మారేటప్పుడు సామాను చాలావరకు వచ్చింది, అటక మాత్రం రాలేదు. అందుకే మీకు సర్దడం చేతకాక ఇలా అయిందని అనుకోకండి. ఈ చోటుకి ఆ సామాను పట్టదు, ఎవరు సర్దినా పట్టదు.

నేను చూసినంతలో, మన ఇళ్ళలో సామాను తగ్గకపోవడానికి మమకారం చిన్న కారణమే. ఆ వస్తువు ఎటు పోవాలో తెలియకపోవడం అసలు కారణం. బాగున్న గిన్నెని చెత్తబుట్టలో వేయడానికి ఎవరికైనా చెయ్యి రాదు. రాకూడదు కూడా. ఎవరికివ్వాలో తెలియదు, పారేయడానికి మనసొప్పదు, మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాం. అదే గిన్నె మరదలి కూతురికి హాస్టల్ గదిలో పనికొస్తుందని తెలిస్తే ఐదు నిమిషాల్లో సంచీలోకి వెళ్ళిపోతుంది. అందుకే పెట్టెలు విప్పకముందే దారులు వెతుక్కోవాలి అంటాను.

ఒక సాయంత్రం వాచ్‌మన్ దగ్గర, కింద కిరాణాకొట్టులో, పక్క ఫ్లాటువాళ్ళ దగ్గర కనుక్కోండి. పాత పేపర్లు, ఇనప సామాను కొనే బండి ఏ రోజు వస్తుంది? పాత గిన్నెలు తూకానికి తీసుకునే స్టీలు కొట్టు ఎక్కడుంది? పాత బట్టలు ఎవరు తీసుకుంటారు? 2023 మే నెలలో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో భాగంగా చాలా మున్సిపాలిటీలు ట్రిపుల్ ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) సెంటర్లు తెరిచాయి. వాడదగ్గ బట్టలు, పుస్తకాలు, బొమ్మలు వాటిలో ఇవ్వొచ్చు. మీ వార్డులో ఉందేమో, ఇప్పుడూ నడుస్తోందేమో వార్డు ఆఫీసులో అడగండి. గూంజ్ లాంటి సంస్థలు కూడా ఉతికిన, చిరగని బట్టలు తీసుకుంటాయి. పాడైన మిక్సీలు, ఫోన్లు, ఛార్జర్లు, వైర్లు మామూలు చెత్తలో వేయకూడదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఎలక్ట్రానిక్ సామానుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీలది. కొత్తది కొనేటప్పుడు పాతది ఇచ్చేయడం అన్నిటికంటే సులువు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించండి. ఏ వస్తువు చేతికొచ్చినా ఆ కాగితం చూస్తే దాని దారి తెలిసిపోవాలి.

ఆ తర్వాత పెట్టెలు విప్పండి. పట్టుచీరలు, ఫొటోలు, ఇత్తడి సామాను మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. వాటితో మొదలుపెడితే మధ్యాహ్నానికి అందరి కళ్ళల్లో నీళ్ళు, సాయంత్రానికి మాటల పట్టింపులు. ఎవరికీ బాధ కలిగించనివి ముందు తీయండి. గడువు దాటిన మందులు, మూతల్లేని ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, దేనివో తెలియని రిమోట్లు, హోటల్ నుంచి వచ్చిన డబ్బాలు, ఎండిపోయిన పెన్నులు. ఇంత చిన్న విషయాలా అనిపిస్తుంది గానీ, రెండు ఆదివారాలు ఈ పని చేస్తే గదిలో నేల కనిపిస్తుంది. నేల కనిపిస్తే ఇంట్లో మిగతావాళ్ళు కూడా చెయ్యి వేస్తారు.

రిటర్న్ గిఫ్టుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గృహప్రవేశం నుంచి ఒక కుంకుమభరిణె, సీమంతం నుంచి ఒక ప్లాస్టిక్ బుట్ట, పేరంటాల నుంచి లెక్కలేనన్ని జాకెట్టు ముక్కలు. ఆ జాకెట్టు ముక్కల్లో చాలావరకు ఎవరూ కుట్టించుకోరు. ఒకరి తాంబూలంలోంచి ఇంకొకరి తాంబూలంలోకి వెళ్తూనే ఉంటాయి. కుట్టించుకోదగ్గవి పది ఉంచి మిగతావి మొత్తం ఒక టైలరమ్మకి ఇచ్చేయండి, లైనింగుకో సంచులకో వాడుకుంటుంది. ఇక జర్మన్ సిల్వర్ పళ్ళేలు, గిన్నెలు. పేరులో వెండి ఉంది గానీ అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. వెండి అనుకుని బీరువాలో దాచినవాళ్ళని చూశాను. పూజకి వాడేవి ఉంచుకుని మిగతావి నిశ్చింతగా ఇచ్చేయొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు, గిన్నెలు. గోదావరి జిల్లాల ఇళ్ళలో గిన్నెలు ఎందుకు అన్ని ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా వంట ఇంటి సామానుతోనే జరిగేది. యాభైమందికి అన్నం వండే గుండిగలు, పప్పు కాచే డేగిసాలు, బకెట్లు, గరిటెలు, వరసగా గ్లాసులు. ఇప్పుడు మియాపూర్‌లో మీ ఇంట్లో ఫంక్షన్ అయితే క్యాటరింగువాళ్ళు వాళ్ళ గిన్నెలతోనే వస్తారు. మీ స్టవ్ మీద ఆ గుండిగ కూర్చోదు, మీ సింకులో దాన్ని కడగలేరు. కాబట్టి ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ ఇంట్లో ఒక పూట ఎక్కువలో ఎక్కువ ఎంతమందికి మనం స్వయంగా వండి పెడతాం? పన్నెండుమందా, పదిహేనుమందా? ఆ సంఖ్యకి సరిపడా గిన్నెలు, పళ్ళేలు, గ్లాసులు ఉంచండి. అంతకన్నా పెద్దవి ఊళ్ళోనే ఎవరికైనా ఇచ్చేయాల్సినవి.

తీసేసే ముందు ఒక్కొక్కటి వెలుతురులో తిప్పి చూడండి. స్టీలు గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేరు, పెళ్ళి తేదీ చెక్కించడం మన అలవాటు. కొన్ని పేర్లు మీ ఆయనకి కూడా తెలియవు, అత్తగారికి మాత్రమే తెలుస్తాయి. అలాంటివి బయటికి పంపే ముందు ఫొటో తీసి, ఆ పేరు ఎవరిదో ఆవిడని అడిగి కింద రాసి పెట్టండి. ఇది మీ అత్తగారికి ఎంత నచ్చుతుందో మీరే చూస్తారు.

ఇత్తడి, కంచు, రాగి మూడూ కలిపి ఒకే కుప్పగా తూకానికి వేయకండి. ఇత్తడి రాగి, జింకు కలిసినది. కంచు రాగి, తగరం కలిసినది, ఖరీదెక్కువ. కొట్టువాడు రెండింటినీ ఇత్తడి ధరకే కట్టే అవకాశం ఉంది. వేలితో గట్టిగా మీటి చూడండి, కంచు చాలాసేపు గంటలా మోగుతుంది, ఇత్తడి మొద్దుగా పలికి ఆగిపోతుంది. కంచు కంచాలు, గిన్నెలు ఉంటే మాత్రం అమ్మొద్దని నా సలహా. మంచి కంచు పనిచేసేవాళ్ళు తగ్గిపోయారు, మళ్ళీ కొనాలంటే భారం. ఇత్తడి గిన్నెలో పులుసులు వండాలంటే లోపల కళాయి ఉండి తీరాలి. లేకపోతే చింతపండు పులుపుకి లోహం కరిగి కూరలోకి దిగుతుంది. హైదరాబాద్‌లో కళాయి వేసేవాళ్ళు దొరుకుతారు గానీ వెతుక్కోవాలి. ఏడాదికోసారి కళాయి వేయించే ఓపిక మీకుందా అని నిజాయితీగా ఆలోచించి, ఉంటేనే ఒకటో రెండో వంట గిన్నెలు ఉంచండి. రాగి బిందె ఒకటి చాలు. తూకం మీ కళ్ళముందే వేయించండి, పిడులు, ఇనప కడియాలు విడిగా తీయించాకే.

అత్తగారి సంగతి. ఆవిడ గుడికి వెళ్ళినప్పుడు నాలుగు గిన్నెలు తీసేద్దాం అనే ఆలోచన మీకు వచ్చి ఉంటుంది, చాలామందికి వస్తుంది. చేయకండి. ఒక్కసారి అలా చేస్తే ఆవిడకి ఇక ప్రతి పెట్టె మీదా అనుమానమే, మీరు సంచీ పట్టుకుని బయటికి వెళ్తే చాలు టెన్షన్ మొదలవుతుంది. ముందుగా ఆవిడకంటూ ఒక బీరువానో, గోడ అల్మారాలో సగమో పూర్తిగా వదిలేయండి. అందులో ఏముందో మీరు అడగరు, సర్దరు. ఈ మాట ఆవిడతో పైకి చెప్పండి. మిగతా సామాను విషయంలో "ఇది పారేద్దామా?" అని అడగొద్దు. "ఇది ఎవరికిద్దాం అత్తయ్యగారూ?" అని అడగండి. సారెలో వచ్చిన గంగాళం పారేయమంటే ఆవిడ ఒప్పుకోవడం కల్ల. కానీ అది ఎవరి ఇంటికి చేరాలో ఆవిడ మనసులో ఎప్పటి నుంచో ఉంటుంది. మనవరాలికో, ఆడపడుచుకో, ఊళ్ళో గుడికో. ఆవిడ చేత్తో ఆవిడే ఇచ్చుకునే వీలు కల్పించండి. అయితే పుచ్చుకునేవాళ్ళని ముందు మీరు చాటుగా ఫోన్ చేసి కనుక్కోవాలి. గచ్చిబౌలిలో ఉండే మనవరాలికి కూడా మీలాగే అటక లేదు. వాళ్ళు మొహమాటానికి పుచ్చుకుని, ఆర్నెల్ల తర్వాత ఆవిడకి అది వాళ్ళ బాల్కనీలో మొక్కలకింద కనబడితే ఇంకా గొడవ.

పనమ్మాయికి ఇచ్చేవాటి గురించి ఒక మాట. విరిగిన కుర్చీ, వెలిసిన దుప్పటి, పట్టు వదిలిన కుక్కరు ఆవిడ నెత్తిన పెట్టడం సాయం కాదు. ఆవిడ ఇల్లు మీ ఇంటికన్నా చిన్నది. "నీకు పనికొస్తుందా, వద్దంటే ఏమీ అనుకోను" అని అడిగి, ఆవిడ వద్దన్నది నిజంగా వెనక్కి తీసుకోండి.

చీరలు త్వరగా ముగించొచ్చు. పట్టుచీరల్లో అసలు జరీకి విలువ ఉంది. అందులో వెండి తీగ ఉంటుంది, పాత చీరలు కొనేవాళ్ళు ఆ వెండి కోసమే కొంటారు. టెస్టెడ్ జరీ అంటే లోపల రాగి, దానికి పెద్దగా రాదు. ఇంటి ముందుకొచ్చి అడిగేవాడికి వెంటనే ఇచ్చేయకండి, రెండు కొట్లలో చూపించి ధర తెలుసుకోండి. ఉంచుకునేవి పాత నూలు పంచెల్లో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్లలో వద్దు. నాలుగైదు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే మడత దగ్గరే పట్టు చిట్లుతుంది. కలరా ఉండలు జరీకి తగలకుండా చూడండి. మెత్తబడిన నూలు చీరలు బొంతలు కుట్టేవాళ్ళకి ఇచ్చి ఒకటో రెండో బొంతలు కుట్టించుకోండి. ఇంట్లో చంటిపిల్లలు లేకపోతే అవి కూడా ఎక్కువ వద్దు.

కాగితాల దగ్గర మాత్రం నిదానించండి. ఇది నా వృత్తి కూడా కాబట్టి గట్టిగా చెప్తున్నాను: కాగితాల పెట్టెని పేపర్ల బండికి తూకం వేయడానికి ముందు ఇంట్లో ఒక పెద్దవాళ్ళు, ఒక చిన్నవాళ్ళు కలిసి కూర్చుని ప్రతి కవరూ విప్పాలి. భీమవరం ఇంటి అసలు దస్తావేజు, దానికి ముందరి లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీలు, ప్లాను, ఇంటిపన్ను రసీదులు, పొలం పాస్‌బుక్కులు ఒక ఫైలులో ఉండాలి. ఆ ఫైలు తాళం వేసిన గదిలో కాక మీ దగ్గరో, బ్యాంకు లాకర్లోనో ఉండాలి. ఇల్లు కట్టినప్పటి, తర్వాత గదులు పెంచినప్పటి బిల్లులు ఎంత పాతవైనా ఇల్లు అమ్మేదాకా ఉంచండి, అమ్మినరోజు పన్ను లెక్కలకి అవే ఆధారం. పదో తరగతి మెమోలు, పుట్టినతేదీ సర్టిఫికెట్లు, మామగారి పెన్షన్ కాగితాలు, ఎల్ఐసీ బాండ్లు ఇంకో ఫైలు. ఆదాయపు పన్ను రిటర్నుల కాగితాలు నేనైతే ఎనిమిదేళ్ళు ఉంచుతాను. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఆర్సీ లాంటివి ప్రభుత్వం నడిపే డిజీలాకర్ యాప్‌లో దొరుకుతున్నాయి, వాటి జిరాక్సుల కట్టలు నిరభ్యంతరంగా చింపేయొచ్చు. దస్తావేజుని ఫోనులో ఫొటో తీసుకున్నాం కదా అని అసలుది నిర్లక్ష్యం చేయకండి.

ఈ పెట్టెల్లో పెద్దవాళ్ళ పాత పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు దొరుకుతుంటాయి. పదేళ్ళు ఎవరూ కదిలించని ఖాతాలోని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది, కానీ ఖాతాదారు లేదా వారసులు ఎప్పుడైనా ఆ బ్యాంకు ద్వారానే వెనక్కి అడగొచ్చు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. అందులో పేరు, బ్యాంకు, పాన్ లేదా పుట్టినతేదీ లాంటి వివరాలు కొట్టి వెతకొచ్చు. కంపెనీల షేరు సర్టిఫికెట్లు కాగితం రూపంలో కనబడినా పారేయకండి. 2019 ఏప్రిల్ నుంచి వాటిని కాగితం రూపంలో ఇంకొకరికి అమ్మడం కుదరదు, డీమ్యాట్‌లోకి, అంటే ఎలక్ట్రానిక్ ఖాతాలోకి మార్పించుకోవాలి. వరసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే షేర్లు ప్రభుత్వం నడిపే ఐఈపీఎఫ్ అనే నిధికి వెళ్ళిపోతాయి, అక్కడి నుంచీ తిరిగి తెచ్చుకునే దారి ఉంది. పాత కరెంటు బిల్లులు, పాడైపోయిన టీవీల వారంటీ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం ఖాతా నంబర్లు కనపడకుండా చింపి పంపేయండి.

దేవుడి పటాల దగ్గర అందరి చేతులూ వణుకుతాయి. పటాలు తీసుకెళ్ళి రావిచెట్టు మొదట్లో పెట్టి రావడం చూస్తూనే ఉన్నాం. అవి అక్కడ ఎండకీ వానకీ పడి ఉంటాయి, అద్దాలు పగిలి ఎవరి కాళ్ళకో గుచ్చుకుంటాయి. నేను చేసేది చెప్తాను. అద్దం, చట్రం, వెనక అట్ట విడదీస్తాను. చట్రం, అద్దం ఫ్రేములు కట్టేవాడికి ఇచ్చేస్తాను. కాగితం బొమ్మని నమస్కారం చేసుకుని బకెట్ నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక మొక్క మొదట్లో మట్టిలో కలిపేస్తాను. ప్లాస్టిక్ పూత ఉన్న పటాలైతే ఇలా కరగవు, ఆ పూత ఒలిచి తీయాలి. పసుపు రాసిన శుభలేఖలకీ, దేవుడి క్యాలెండర్లకీ ఇదే పద్ధతి. మీ పురోహితుడి మాట మీద అత్తగారికి గురి ఉంటే ఆయన్నే అడగమనండి, ఆయన చెప్తే ఆవిడకి నిశ్చింత.

పుస్తకాల విషయంలో తూకానికి తొందరపడకండి. పాత తెలుగు పత్రికల బైండు సంపుటాలు, 1950, 60ల నాటి పుస్తకాలు ఉంటే ముందు ఒక జాబితా రాయండి. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, పాత తెలుగు పుస్తకాలు సేకరించి స్కాన్ చేసే మనసు ఫౌండేషన్ లాంటివాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గర లేనివేమైనా ఉన్నాయేమో కనుక్కోండి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఇప్పటికీ ఉంది. పిల్లల పోటీపరీక్షల పుస్తకాలు, గైడ్లు మాత్రం సిలబస్ మారకముందే ఇచ్చేయాలి, తర్వాత ఎవరికీ పనికిరావు. పెళ్ళి వీడియో క్యాసెట్లు ఉంటే వెంటనే డిజిటల్‌లోకి ఎక్కించండి. వీసీఆర్‌లు తయారుచేసే చివరి కంపెనీ కూడా 2016లో ఆపేసింది, పైగా గోదావరి గాలి తేమకి టేపుల మీద బూజు పట్టి ఉంటుంది. జిగురు పేజీల ఆల్బముల్లోంచి ఫొటోలు లాగి తీయొద్దు, పేజీలతో సహా స్కాన్ చేయించండి.

సగంలో ఒక హెచ్చరిక. "ఆరు నెలలు విప్పని పెట్టెని చూడకుండానే ఇచ్చేయండి" అని వీడియోల్లో చెప్తారు. మన ఇళ్ళకి ఆ నియమం పనికిరాదు. వినాయకచవితి పాలవెల్లి, సంక్రాంతి బొమ్మలకొలువులోకి కొండపల్లి బొమ్మలు, వరలక్ష్మీవ్రతం కలశం ఏడాదికి ఒక్కసారే బయటికొస్తాయి. ఉగాది నుంచి ఉగాది దాకా ఒక చుట్టు తిరగనివ్వండి. ఆ ఏడాదిలో ఏ పండగకీ, ఏ చుట్టానికీ, ఏ జబ్బుకీ బయటికి రాని వస్తువు గురించి అప్పుడు నిర్ణయం తీసుకోండి. పండగ సామాను మాత్రం ఒకే పెట్టెలో, పైన పేరు రాసి పెట్టుకోవాలి. ఇంటి నిండా చెదిరి ఉంటే ఏటా మళ్ళీ కొత్తవి కొంటారు.

టేకు సామాను ఉందన్నారు. పందిరి మంచం లిఫ్టులో పట్టదు, గదిలో పెట్టినా ఫ్యాను తిరగదు. కానీ పాత టేకు కర్ర ఇప్పుడు కొనాలంటే చాలా ఖరీదు, భోగిమంటలో వేయడం పాపం. మంచి వడ్రంగిని పిలిచి పిల్లలకి చదువుకునే బల్లగానో, దివాన్‌గానో మార్చగలడేమో అడగండి. కూలి కొత్త ప్లైవుడ్ బల్ల కన్నా ఎక్కువే కావొచ్చు, అయినా నా ఓటు దానికే. రోలు, తిరగలి ఊళ్ళోనే అద్దెకున్నవాళ్ళకి వదిలేయండి. ఆన్‌లైన్‌లో అమ్మే సామానుకి ఒక జాగ్రత్త: కొంటానన్నవాడు బేరమాడకుండా ఒప్పుకుని, వస్తువు చూడకుండా డబ్బు పంపుతానని క్యూఆర్ కోడ్ పంపిస్తే ఫోన్ పెట్టేయండి. మనకి డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే మన ఖాతాలోంచే పోతోందని అర్థం.

భీమవరంలో తాళం వేసిన గదిని మాత్రం ఎక్కువకాలం ఉంచకండి. అద్దెకున్నవాళ్ళు ఆ గది తెరవలేరు, మీరు ఏడాదికోసారి వెళ్తారు, మధ్యలో చెదలు పడితే తెలిసేది తలుపు తీసిన రోజే. వేసవి సెలవుల్లో ఒక వారం పెట్టుకుని అందరూ వెళ్ళండి. పెద్ద గిన్నెలు, రోళ్ళు, బల్లలు అక్కడివాళ్ళకి అక్కడే ఇచ్చేయడం తేలిక, హైదరాబాద్ తెచ్చాక ఇవ్వడానికి మనుషులు దొరకరు. గది ఖాళీ అయితే అద్దె కూడా కాస్త పెంచి అడగొచ్చు.

తక్కువ సామానుతో బతకడం గురించి అడిగారు. మీ విషయంలో అది వంటింటి నిల్వల దగ్గర తేలుతుంది అనుకుంటున్నాను. ఊళ్ళో ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు, కందిపప్పు, మినుములు, చింతపండు, ఎండుమిరపకాయలు ఎండాకాలంలోనే కొని డబ్బాల్లో పోసుకునేవాళ్ళు. అక్కడ అది తెలివైన పని. సొంత పొలం బియ్యం, ఎండబెట్టుకోవడానికి డాబా, పోసుకోవడానికి గాదె, కొట్టుగది ఉండేవి. ఫ్లాటులో ఎండ తగిలే చోటు బాల్కనీలో రెండు గంటలు, అంతే. బియ్యానికి పురుగు పడుతుంది, పప్పుకి పుచ్చు పడుతుంది, డబ్బాలు వంటింటిని మింగేస్తాయి. నెలకో పాతిక కిలోల బస్తా, నెలకి సరిపడా పప్పులు చాలు. ఖాళీ అయిన పెద్ద డబ్బాలు అప్పుడు వాటంతట అవే అక్కర్లేనివి అవుతాయి. ఆవకాయకి మాత్రం ఈ నియమం వర్తించదు. అది ఏడాదికి పెట్టాల్సిందే, ఒక మంచి జాడీ ఉంచండి. రెండోది మీ ఆడపడుచుకి ఇవ్వండి, నిండుగా ఆవకాయతో ఇస్తే ఇంకా మంచిది.

ఇక బాల్కనీ అల్మారా. ఇప్పుడే వద్దు. అల్మారా చేయిస్తే ఈ సామానంతా అందులోకి వెళ్తుంది, మీరు మళ్ళీ ఒక అటక కట్టుకున్నట్టే. పైగా వానాకాలం జల్లుకి ప్లైవుడ్ ఉబ్బుతుంది, బట్టలు ఆరేసుకునే చోటు పోతుంది. కారిడార్‌లో, మెట్ల దగ్గర పెట్టడం కూడా కుదరదు, మంటలొచ్చినప్పుడు అందరూ దిగాల్సిన దారి అది. ఏడాది పండగలన్నీ ఒక చుట్టు తిరిగాక, ఇంకా చోటు చాలని సామాను ఏముందో రాసుకోండి. ఆ జాబితా తీసుకుని, అందులో అన్నిటికన్నా పెద్ద వస్తువు ఎత్తు, వెడల్పు కొలిచి అప్పుడు వడ్రంగిని పిలవండి. అరలు ఒకే ఎత్తున బిగించేయకుండా, ఎత్తు మార్చుకునేలా కన్నాలు పెట్టమనండి. ఈలోపు పిల్లల గదిలోని పెట్టెలు కనీసం గోడ నుంచి జానెడు దూరం జరపండి, అట్టపెట్టెల వెనక బొద్దింకలు చేరితే వాటిని వదిలించుకోవడం ఇంకో పని.